కొయ్యబండికి కాయకల్పం

స్టేషన్ వ్యాగన్ అన్న పేరులోని స్టేషన్ రైల్వే స్టేషనే. 20వ శతాబ్దపు తొలి దశకాలలో అమెరికాలో రైలు దిగినవారిని పెట్టెబేడాలతో సహా హోటళ్ళకూ విడిది ఇళ్ళకూ చేర్చే బండ్లు ఉండేవి. ఫోర్డ్ మోడల్ టీ వంటి కారు ఛాసీని కొని, దానిమీద గుర్రపుబగ్గీలు కట్టే పనివారి చేత కొయ్యతో పైకట్టు వేయించుకొనేవారు. ఇంజను, చక్రాలు, బానెట్ వరకు కారు. వెనకంతా వడ్రంగి పని. 1923లో స్టార్ కార్లను తయారుచేసే డ్యూరంట్ మోటర్స్ ఇటువంటి బండిని తన అమ్మకాల జాబితాలో చేర్చింది. 1929లో ఫోర్డ్ తన మోడల్ ఏ శ్రేణిలో స్టేషన్ వ్యాగన్‌ను ప్రవేశపెట్టడంతో అది పెద్ద కార్ఖానా సరుకయింది. అమెరికన్లు వుడీ అని ముద్దుగా పిలిచే కొయ్యబండి ఇదే.

ఈ బండ్లు ఇప్పుడు మ్యూజియములలోనే కాక, మామూలు ఇళ్ళ గరాజులలోనూ ఉన్నాయి. వారాంతాలలో, సెలవులలో వాటిని స్వయంగా బాగుచేసుకొనేవారు చాలామంది వృత్తిరీత్యా వడ్రంగులూ కారు, మెకానిక్కులూ కారు. ఇనుపకారు పునరుద్ధరణకు అలవాటుపడిన చేయి కొయ్యబండి దగ్గర తడబడుతుంది. ఇనుము తుప్పు పడుతుంది కానీ కదలదు. కలప చెట్టునుంచి విడివడిన తరువాత కూడా గాలిలోని తేమకు స్పందిస్తూనే ఉంటుంది. ఈ ఒక్క భేదం తెలిస్తే మిగిలిన పద్ధతులన్నిటికీ కారణం తెలుస్తుంది. 1940ల ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతులను, వాటి వెనకనున్న శాస్త్రాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అడవి, కార్ఖానా

హెన్రీ ఫోర్డ్ 1920లో మిషిగన్ రాష్ట్రపు ఎగువ ద్వీపకల్పంలో లక్షల ఎకరాల అడవిని కొన్నాడు. అప్పటి కార్లలో ఇనుపరేకు కింద కనబడని చట్రమంతా కలపే కాబట్టి, ఆ అవసరం చాలా పెద్దది. ఐరన్ మౌంటెన్ పట్టణం దగ్గర రంపపుమిల్లు, కలపను ఆరబెట్టే బట్టీలు, విడిభాగాల కార్ఖానా వెలిశాయి. మిగిలిన తుక్కుకలపను బొగ్గుగా కాల్చి, ముద్దలుగా అచ్చువేసి అమ్మారు. నేటికీ అమెరికన్ పెరళ్ళలో బార్బెక్యూ పొయ్యిలో పోసే కింగ్స్‌ఫర్డ్ బొగ్గు సంచీకి మూలం అదే.

స్టేషన్ వ్యాగన్ చట్రానికి మేపుల్ లేదా బిర్చ్ కలపను, చట్రం మధ్య పలకలకు బిర్చ్, గమ్, మహాగని పొరల ప్లైవుడ్‌ను వాడేవారు. వంపు తిరిగిన భాగాలను ఒకే దుంగనుంచి చెక్కితే కలప వృథా అవుతుంది, బలమూ తగ్గుతుంది. అందుకని చిన్న ముక్కల కొసలను రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి దూర్చినట్టుగా కోసి, జిగురుతో అతికేవారు. ఆ వేళ్ళ అతుకు ఫోర్డ్ బండ్లకు ఆనవాలు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇదే కార్ఖానా సైన్యానికి కొయ్య, గుడ్డ, ఉక్కుగొట్టాలతో నాలుగు వేలకు పైగా సీజీ-4ఏ గ్లైడర్లను తయారుచేసింది.

యుద్ధానంతరం పరిస్థితి మారింది. 1946లో విల్లీస్ జీప్ వ్యాగన్, 1949లో ప్లిమత్ సబర్బన్ పూర్తిగా ఉక్కుతో వచ్చాయి. ఉక్కురేకును అచ్చులో వేసి నొక్కితే నిమిషంలో అయ్యే పనికి కొయ్యలో గంటల చేతిపని కావాలి. పైగా కొన్నవారు ఏటా వార్నిష్ వేయించుకోవాలి. ఐరన్ మౌంటెన్ కార్ఖానా 1951లో మూతపడింది. అమెరికాలో నిజమైన కలపతో పెద్దయెత్తున తయారైన చివరి వ్యాగన్లు 1953 నాటి బ్యూయిక్‌లు. ఆ తరువాతి దశాబ్దాలలో వ్యాగన్ల పక్కల కనిపించే కొయ్య, వైనిల్ కాగితంమీద అచ్చువేసిన బొమ్మ మాత్రమే. పాతబడిన వుడీలు చవకగా దొరకడం వల్ల, పొడుగాటి పలకలు లోపల పట్టడం వల్ల, కాలిఫోర్నియా సముద్రతీరపు సర్ఫింగ్ కుర్రకారు వాటిని అందుకొన్నారు. తుక్కుకు పోవలసిన బండ్లు కొన్ని అలా మిగిలాయి.

బ్రిటన్‌లో కథ ఇంకొంత కాలం సాగింది. మారిస్ మైనర్ ట్రావెలర్ 1953 నుంచి 1971 వరకు యాష్ కలప చట్రంతో తయారైంది. మన అంబాసిడర్‌కు మాతృక అయిన మారిస్ ఆక్స్‌ఫర్డ్‌కు ఇది తోబుట్టువు. ట్రావెలర్ వెనకభాగంలో కనిపించే కొయ్య అలంకారం కాదు, పైకప్పు భారాన్ని మోసే ఎముక. ఇంగ్లండులో ఇల్లు కట్టుకొన్న తెలుగువారికి వీధిలో ఇప్పటికీ ఎదురయ్యే కొయ్యబండి ఇదే.

కలప కదలిక

కలపను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినితో చూస్తే సన్నని గొట్టాల కట్టలా ఉంటుంది. పచ్చికలపలో గొట్టాల లోపలా, వాటి గోడలలోనూ నీరుంటుంది. ఆరుతున్నకొద్దీ మొదట లోపలి నీరు పోతుంది. అప్పటికి ఆకారంలో మార్పు రాదు. తేమ సుమారు 28 శాతానికి దిగిన తరువాత గోడలలోని నీరు పోవడం మొదలవుతుంది. అప్పటినుంచి కలప కుంచించుకుపోతుంది. ఈ కుంచన అన్ని దిశలలోనూ సమానం కాదు. పొడుగువాటున దాదాపు లేనట్టే. గట్టి మేపుల్‌లో పచ్చిదశనుంచి పూర్తిగా ఎండే వరకు వ్యాసార్ధం వెంట 5 శాతానికి కొంచెం తక్కువ, వార్షిక వలయాల వెంట సుమారు 10 శాతం కుంచన ఉంటుంది. పలక మెలితిరగడానికీ, దొప్పలా వంగడానికీ ఈ తేడాయే కారణం.

కారులో దీని ఫలితం లెక్కవేసి చూడవచ్చు. వలయాల వెంట కోసిన మేపుల్ పలక తేమ ఒక శాతం మారితే వెడల్పు సుమారు 0.35 శాతం మారుతుంది. చలికాలంలో హీటరు నడిచే గరాజులో 6 శాతం తేమతో ఉన్న 15 సెంటీమీటర్ల పలక, వానాకాలపు ఉక్కలో 12 శాతానికి చేరితే సుమారు 3 మిల్లీమీటర్లు వెడల్పెక్కుతుంది. కారు తలుపుకూ స్తంభానికీ మధ్య ఉండే సందు అంతకంటే ఎంతో ఎక్కువ ఉండదు. శీతకాలంలో చక్కగా మూసుకొన్న తలుపు ఆగస్టులో పట్టేయడం వడ్రంగి లోపం కాకపోవచ్చు.

అందువల్ల కొత్త కలపను తెచ్చినవెంటనే కోయకూడదు. బండి ఉండబోయే గాలిలో కొన్ని వారాలు పేర్చి ఉంచి, తేమమాపకంతో చూసి, అంకె నిలకడగా ఉన్నాకనే రంపం పట్టాలి.

రోగనిర్ధారణ

కలపను కుళ్ళబెట్టేవి బూజులు. వాటికి ఆహారం కలపే; కావలసినదల్లా నీరు. తేమ 20 శాతంలోపు ఉంటే అవి పెరగలేవు. పిరమిడ్లలోని కొయ్యవస్తువులు వేల ఏళ్ళు నిలిచింది ఆ పొడిగాలి చలవే. కాబట్టి పాతబండిని పరీక్షించేటప్పుడు అడగవలసిన ప్రశ్న దాని వయసు గురించి కాదు, దానిలో నీరు ఎక్కడ నిలిచింది అన్నది.

జవాబు దాదాపు ప్రతి బండిలోనూ ఒకటే. తలుపుల అడుగుపట్టీలు, స్తంభాల పాదాలు, వెనక తలుపు కింది అంచు, కిటికీ అద్దం దిగే గాడి, ఇనుపబోల్టు చుట్టూ. వీటన్నిటిలోనూ కలప కొస బయటపడి ఉంటుంది. గొట్టాల నోళ్ళు తెరుచుకొన్న ఆ కొస, స్ట్రాతో పీల్చినట్టు నీటిని పీలుస్తుంది. పైకి వార్నిష్ తళతళలాడుతూ లోపల గుల్లయిన స్తంభాలు కనబడడం అసాధారణం కాదు. సన్నని ఆరెతో గుచ్చి చూడడం, స్క్రూడ్రైవర్ పిడితో తట్టి శబ్దం వినడం పాత పద్ధతులే అయినా నమ్మదగినవి. గట్టికలప ఖంగుమంటుంది, కుళ్ళినది బొదబొదమంటుంది. వైద్యుడు ఛాతీమీద వేలితో తట్టి వినే శబ్దభేదం వంటిదే ఇది.

బోల్టుల చుట్టూ నల్లమచ్చలు వేరే కథ చెబుతాయి. తడిసిన ఇనుము, కలపలోని టానిన్లతో కలిసి సిరాలాంటి నల్లరంగును పుట్టిస్తుంది. అది కుళ్ళు కాదు కాని, అక్కడికి నీరు చేరుతున్నదన్న సాక్ష్యం. ఈ మచ్చను ఆక్సాలిక్ ఆమ్లపు ద్రావణం పోగొడుతుంది. చుక్కకూరకు పులుపు ఇచ్చేవాటిలో ఒకటైన ఆమ్లమే అయినా, గాఢంగా వాడినప్పుడు అది విషం. కాల్షియంతో కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలుగా పేరుకొంటుంది. చేతితొడుగులు తప్పనిసరి, ఆరిన తరువాత కడగకుండా ఆ కలపను సాండ్‌పేపరుతో రుద్దరాదు.

అతకడమా, మార్చడమా

విప్పేముందు కొలవడం ఈ పనిలో ఉల్లంఘించరాని నియమం. ప్రతి తలుపు సందును నాలుగు చోట్ల కొలిచి రాసుకోవాలి, ప్రతి అతుకునూ ఫొటో తీయాలి, పైకట్టు లోపల ఐమూలగా తాత్కాలిక కర్రలు బిగించి ఆకారాన్ని బంధించాలి. అంతా ఒకేసారి విప్పితే పాత కొలత ఏదో చెప్పేందుకు బండిలో ఏమీ మిగలదు. అనుభవజ్ఞులు ఒక పక్కను ముగించాకనే రెండో పక్కను ముట్టుకొంటారు. కుళ్ళిన ముక్కను కూడా పని పూర్తయ్యేదాకా పారవేయరు. సగం పొడిగా రాలిపోయిన స్తంభమైనా కొత్త స్తంభానికి అదే నమూనా.

తరువాతి నిర్ణయం ఎంత తీసివేయాలన్నది. కలప పైపైనే మెత్తబడి ఉంటే, బాగా ఆరబెట్టి, పలుచని ఎపాక్సీని పీల్పించి గట్టిపరచవచ్చు. భారం మోయని చోట అది చాలు. కుళ్ళు ఒక కొసకే పరిమితమైతే, ఆరోగ్యకరమైన కలప కనబడేదాకా కోసి కొత్త ముక్కను ఏటవాలుగా అతకాలి. ఆ వాలు ముక్క మందానికి కనీసం 8 రెట్ల పొడుగుండాలి. రెండు సెంటీమీటర్ల మందానికి పదహారు సెంటీమీటర్ల అతుకు. నిట్టనిలువుగా కోసి అతికితే జిగురు పట్టేది గొట్టాల నోళ్ళను, అక్కడ బలముండదు. స్తంభం నడుములో కుళ్ళు ఉంటే, లేదా తలుపు కీలు బిగించే చోట ఉంటే, మొత్తం ముక్కను మార్చడమే క్షేమం. కొత్త ముక్కలోని పోగులు పాతదానిలాగే నడవాలి. వంపు ఉన్న ముక్కలో పోగులు అడ్డంగా తెగితే, చూపుకు ఎంత అందంగా ఉన్నా, ఒక గుంతలో చక్రం పడగానే చీలుతుంది.

జిగురు పట్టించేముందు పైకట్టునంతా పొడిగా కూర్చి, ఛాసీకి బిగించి, బండిని తన టైర్లమీద నిలబెట్టి, తలుపులు మూసి తెరిచి చూడాలి. ఛాసీ బల్లలా సమంగా ఉండదు. బరువు పడ్డాక కొద్దిగా వంగుతుంది. పైకట్టుకూ ఛాసీకీ మధ్య పలుచని పట్టీలను చేర్చుతూ తీసివేస్తూ తలుపులను సరిచేయడానికి రోజులు పట్టవచ్చు. ఈ దశలో తొందరపడ్డవారు తరువాత తలుపులను చిత్రికపట్టి సరిపెట్టుకోవలసి వస్తుంది. ఆ చెక్కిన కలప తిరిగి రాదు.

పూత

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు కలప పోగులను కలిపి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఛేదిస్తాయి. వాన ఆ ముక్కలను కడిగేస్తుంది. ఆరుబయట వదిలేసిన కొయ్య బూడిదరంగుకు మారడం ఇందువల్లనే. లోపలినుంచి లిగ్నిన్ ఛిన్నమైతే పైనున్న వార్నిష్‌కు పట్టు పోయి పొరలుగా లేస్తుంది. ఆ పగులులోనుంచి నీరు దిగుతుంది, తిరిగి బయటికి రాలేదు. పగిలిన వార్నిష్ అసలు వార్నిష్ లేకపోవడం కంటే ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

అందుకే పడవలకు వాడే వార్నిష్‌ను ఎన్నుకొంటారు. అది కలపతోపాటు సాగుతుంది, కిరణాలను పీల్చే పదార్థాలు అందులో ఉంటాయి. మొదటి పూత పలుచగా వేసి కలపలోకి ఇంకనివ్వాలి. ఆపైన ఒక్కో పూత ఆరాక సన్నని సాండ్‌పేపరుతో రుద్ది మరో పూత వేయాలి. ఆరేడు పూతలు మామూలు. ముక్కలను కూర్చేముందే కొసలనూ, బోల్టుల బెజ్జాలనూ, తరువాత ఎప్పటికీ కనిపించని లోపలి ముఖాలనూ పూతతో మూయాలి. ఎపాక్సీ పొర నీటిని బాగా ఆపినా ఎండకు ఓర్చుకోలేదు. దానిమీద వార్నిష్ తప్పదు.

ప్రయాణికుల క్షేమం

కలప అందంలో మునిగి మరవకూడనివి కొన్ని ఉన్నాయి. కొయ్య విద్యుద్వాహకం కాదు. ఇనుపకారులో వెనకదీపానికి రేకే తిరుగుదారి. కొయ్యబండిలో ప్రతి దీపానికీ ఛాసీ వరకు వేరే తీగ లాగాలి. పునరుద్ధరించిన వ్యాగన్లలో వెనకదీపాలు మినుకుమినుకుమనడానికి చాలాసార్లు ఈ తీగ లేకపోవడమే కారణం.

ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు 1939 నమూనాలతో వచ్చాయి. నాలుగు చక్రాలకూ ఒకే నూనె మార్గం. ఒక గొట్టం చిట్లితే నాలుగూ పోతాయి. ఎనభై ఏళ్ళ గొట్టాలను తుడిచి మళ్ళీ వాడడం పొదుపు కాదు. సీటుబెల్టులు అప్పటి కార్లలో లేవు. పిల్లలను ఎక్కించుకొనే ఉద్దేశముంటే వాటి కొక్కేలను ఛాసీకి అనుసంధానించిన ఉక్కుపట్టీలకు బిగించాలి. కొయ్యస్తంభానికి బిగించిన బెల్టు ఢీకొన్నప్పుడు స్తంభంతో సహా ఊడివస్తుంది.

చేసేవారి క్షేమం

ఇంటి గరాజులో జరిగే పనికి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఉండడు. అందుకని ఈ విషయం విడిగా చెప్పుకోవలసి ఉంది. 1960లలో ఇంగ్లండులోని హై వికమ్ పట్టణంలో ఈఎన్‌టీ వైద్యురాలు ఎస్మె హాడ్‌ఫీల్డ్ ఒక విచిత్రాన్ని గమనించారు. ముక్కు, దాని చుట్టూ ఉన్న గాలిగదులలో పుట్టే అడినోకార్సినోమా అనే అతి అరుదైన క్యాన్సరు ఆమె రోగులలో మళ్ళీ మళ్ళీ కనబడుతున్నది. ఆ రోగులలో ఎక్కువమంది కుర్చీలు, బల్లలు చేసే పనివారు. హై వికమ్ ఆ పరిశ్రమకు పేరుమోసిన ఊరు. డొనాల్డ్ అకెసన్ తదితరులతో కలిసి చేసిన పరిశోధన కలపధూళికీ ఆ క్యాన్సరుకూ సంబంధాన్ని నిరూపించింది. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కలపధూళిని మానవులకు నిశ్చయంగా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. వారాంతాలలో పనిచేసే అభిరుచిగలవారికి ఆ కార్మికులంత ప్రమాదం ఉండదు. అయినా యంత్రం దగ్గరే ధూళిని పీల్చే ఏర్పాటూ, మంచి మాస్కూ ఆ పాఠం నేర్పిన కనీస జాగ్రత్తలు.

పాత వార్నిష్‌ను ఊడదీయడానికి ఒకప్పుడు వాడిన మిథిలీన్ క్లోరైడ్ శరీరంలో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదులలో దాన్ని వాడినవారు మరణించారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి రంగు తొలగించే ద్రావకాలను గృహవినియోగానికి అమ్మడాన్ని 2019లో నిషేధించింది. షెల్ఫుమీద మిగిలిన పాత డబ్బాను నిషేధం తాకదు కాబట్టి యజమానే దాన్ని ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి. పాత రంగులో సీసం, పాత బ్రేకుపట్టీలలో ఆస్బెస్టాస్ ఉంటాయి. వాటిని పొడిగా రుద్దడం, గాలితో ఊదడం పనికిరావు. ఆ బట్టలతో ఇంట్లోకి వచ్చి పిల్లలను ఎత్తుకోరాదు. రెండు భాగాలు కలిపి స్ప్రే చేసే పాలీయురితేన్ పూతలలోని ఐసోసయనేట్లు ఒకసారి ఆస్తమాను తెచ్చిపెడితే, తరువాత లేశమాత్రపు స్పర్శ కూడా ప్రాణంమీదికి తేగలదు. తగిన గాలిసరఫరా లేని గరాజులో ఆ పనిని వృత్తినిపుణులకు వదలడం మంచిది. లిన్సీడ్ నూనె, నూనెవార్నిష్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడవేస్తే తమంతట తామే వేడెక్కి అంటుకొంటాయి. వాటిని విప్పి ఆరుబయట ఆరవేయాలి, లేదా నీళ్ళు పోసిన ఇనుపడబ్బాలో మూతపెట్టాలి.

అదే బండి అవునా?

స్తంభాలు కొత్తవి, పలకలు కొత్తవి, కప్పుమీది గుడ్డ కొత్తది. ఇక పాతబండి ఏది? మిళిందపన్హలో నాగసేనుడు రాజు మిళిందుని రథాన్ని చూపి ఇటువంటి ప్రశ్నే వేస్తాడు. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా? ఏదీ కాదు, అన్నీ ఒక పద్ధతిలో కూడినప్పుడు పెట్టుకొన్న పేరే రథం. ఏటా కొత్త కలపతో కట్టే పూరీ రథం ప్రతి ఏడూ జగన్నాథుని రథమే అవుతున్నది. అయితే పునరుద్ధరణకు దిగినవారికి దీనితో పూర్తి స్వేచ్ఛ దొరకదు. రథాన్ని రథంగా నిలిపేది ఆ కూర్పు పద్ధతి. వేళ్ళ అతుకు ఉన్నచోట వేళ్ళ అతుకే వేయాలి, మేపుల్ ఉన్నచోట మేపులే రావాలి, ఏ ముక్క ఎప్పుడు మార్చారో రాసిపెట్టాలి. తరువాతి యజమాని ఆ రాతను చూసి పాతదేదో కొత్తదేదో తెలుసుకోగలగాలి. దాచిపెట్టిన మరమ్మతు అతణ్ణి మోసగించినట్టే.

కాయకల్ప చికిత్సతో వార్ధక్యం పోయి యౌవనం వస్తుందని నమ్మినవారున్నారు. కొయ్యబండి విషయంలో అటువంటి ఆశతో దిగినవారు నాలుగేళ్ళకు నిరాశపడతారు. ఎంత శ్రద్ధగా అతికిన స్తంభమైనా తిరిగి నీటికి చిక్కితే తిరిగి కుళ్ళుతుంది. మధుమేహ రోగికి మందు ఎంత అవసరమో పథ్యం అంతకంటే ఎక్కువ అవసరమైనట్టు, ఈ బండికి కావలసినది పొడి గరాజు, తడిస్తే వెంటనే తుడిచే గుడ్డ, తలుపుల అడుగున నీరు కారిపోయే బెజ్జాలను ఏటా శుభ్రం చేయడం, పూత పగలకముందే దానిమీద మరో పూత. పొదుపు లెక్కలో కార్ఖానాలు కొయ్యను వదలిపెట్టింది ఈ నిత్యసేవ చేసేవారు ఉండరనే. ఏడాదికి రెండు మూడు రోజులు దానికి కేటాయించగలమా అన్న ప్రశ్నకు బండి కొనకముందే ఇంట్లోవారితో కూర్చుని జవాబు చెప్పుకోవడం, రంపం కొనడం కంటే ముందు చేయవలసిన పని.